సెట్టింగు పెట్టే ముందు, దాని జవాబు ఎవరి దగ్గర ఉందో చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. తరువాత చదివేవారికి అది అవసరం. మీరు ఒడిశాలోని గుణుపురంలో ఉంటూ, సి-షార్ప్ భాష‌లో డబ్ల్యూపీఎఫ్ (విండోస్ తెరలు తయారు చేసే మైక్రోసాఫ్ట్ పనిముట్టు) వాడి, విండోస్ మీద నడిచే బిల్లింగు ప్రోగ్రాము ఒకటి సొంతంగా రాశారు. గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి కొట్లలో అది వాడుకలో ఉంది. ఒక్కో షావుకారు ఒక్కోటి అడగడం, మీరు కాదనలేక ఒక్కో టిక్ బాక్సు చేర్చడం వల్ల సెట్టింగుల విండోలో ఏడు ట్యాబులు తయారయ్యాయి. కొత్తగా కొన్నవారు దాన్ని తెరవడానికే జంకుతున్నారు; గుమస్తా ఎవరైనా ఏదో నొక్కితే బిల్లు తీరు మారిపోయి మీకు ఫోను వస్తోంది. సరే, తగ్గిద్దామని స్టాకు లేకపోయినా బిల్లు చేయనిచ్చే సెట్టింగును తీసేస్తే, ఎరువుల కొట్టు ఆయన తన వ్యాపారం ఆగిపోయిందని కోప్పడ్డారు. మీరు అడిగినవి మూడు: ఎన్ని సెట్టింగులు ఉంచాలి, మిగిలినవాటిని "అడ్వాన్స్‌డ్" అనే బటన్ వెనుక దాచవచ్చా, వాడనివాటిని ప్రోగ్రామే తనంతట తాను కనిపించకుండా చేస్తే ఎలా ఉంటుంది.

నేను పర్లాకిమిడిలో ఉంటూ ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఇరువైపులా, అంటే ఇటు గజపతి, రాయగడ జిల్లాల్లోనూ అటు పాతపట్నం, టెక్కలి వైపూ, కొట్లకు కంప్యూటర్లు, లెక్కల ప్రోగ్రాములు అమర్చి చూసుకునే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఎన్ని ఉండాలి అనే లెక్కతో మొదలుపెడితే ఈ చిక్కు విడిపోదని నా అభిప్రాయం. ప్రతి సెట్టింగూ వాడేవారిని మీరు అడిగే ఒక ప్రశ్న. దానికి జవాబు ఎవరికి తెలుసు, ఏ సమయానికి తెలుస్తుంది అన్నది తేల్చుకుంటే, ఆ సెట్టింగు ఎక్కడ ఉండాలో, అసలు ఉండాలో వద్దో కూడా తేలిపోతుంది. కంప్యూటరుకే తెలిసినదాన్ని మనిషిని అడగకూడదు. బిల్లు రాసేటప్పుడు మాత్రమే తెలిసేదాన్ని ముందుగానే సెట్టింగులో అడగకూడదు. షావుకారు నిర్ణయించవలసినదాన్ని గుమస్తా చేతికి ఇవ్వకూడదు. మీకు తప్ప మరొకరికి అర్థం కానిదాన్ని షావుకారు కళ్లముందు పెట్టకూడదు.

సెట్టింగు ఉచితంగా రాదన్న మాట పాతదే. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్ 2002లో తన రెండవ తరాన్ని విడుదల చేసినప్పుడు చాలా ఆప్షన్లను తొలగించింది. అందులో పనిచేసిన హావొక్ పెన్నింగ్టన్ అదే ఏడాది రాసిన వ్యాసంలో ప్రతి ప్రిఫరెన్సుకూ, అంటే సెట్టింగుకూ, ఒక ఖరీదు ఉంటుందని వాదించాడు. మీ విషయంలో ఆ ఖరీదు ఇలా ఉంటుంది. ఉండడం, లేకపోవడం అనే రెండే స్థితులు గల టిక్ బాక్సులు 20 ఉంటే, అవి కలిసే తీరులు 10,48,576. వాటిలో మీరు పరీక్షించి చూసేవి పదో పాతికో. బిల్లు అడుగున మొత్తం తప్పు వస్తోందని కాశీనగర్ నుంచి ఫోను వచ్చినప్పుడు, అక్కడ ఆ ఇరవయ్యీ ఏ స్థితిలో ఉన్నాయో తెలియకపోతే ఆ తప్పును మీ కంప్యూటరులో రప్పించి చూడలేరు. అయితే గ్నోమ్ కథలో రెండవ సగం కూడా గుర్తుంచుకోవాలి. 2011లో మూడవ తరం వచ్చాక, అక్షరాల రూపం మార్చుకోవడం వంటి మామూలు పనులకు కూడా ట్వీక్ టూల్ అనే వేరే ప్రోగ్రాము వేసుకోవలసి వచ్చింది. సెట్టింగును తీసేసినంత మాత్రాన దాని వెనుక ఉన్న అవసరం పోదు, మరో దారి వెతుక్కుంటుంది. మీ ఎరువుల కొట్టు ఆయన కోపం సరైనదే.

ఇక మీ ట్యాబుల్లోకి వెళదాం. ప్రింటు ట్యాబులో కాగితం వెడల్పు, వరుసకు ఎన్ని అక్షరాలు, అక్షరంగా ముద్రించాలా బొమ్మగా ముద్రించాలా, ఏ ఫాంటు అని నాలుగు అడుగుతున్నారు. ఈ నాలుగింటిలో మనిషి చెప్పవలసింది మహా అయితే ఒకటి. మన కొట్లలో ఉండే థర్మల్ ప్రింటర్లు దాదాపుగా రెండు రకాలే: 58 మిల్లీమీటర్ల రోలు, 80 మిల్లీమీటర్ల రోలు. మొదటిదానిలో సాధారణంగా ముద్రణకు పనికొచ్చే వెడల్పు 48 మిల్లీమీటర్లు, అంటే 384 చుక్కలు. రెండవదానిలో 72 మిల్లీమీటర్లు, 576 చుక్కలు. మామూలు సైజు అక్షరాలు మొదటిదానిలో వరుసకు 32, రెండవదానిలో 48 పడతాయి. వెడల్పు తెలిస్తే అక్షరాల సంఖ్య మీ ప్రోగ్రామే లెక్క కట్టగలదు. రెండింటినీ విడివిడిగా అడగడం వల్ల 58 రోలుకు 48 అక్షరాలు పెట్టుకుని, ధర కాలమ్ కింది వరుసకు జారిపోయిందని ఫిర్యాదు చేసే అవకాశం మీరే కల్పించినట్లు అవుతుంది.

అక్షరమా, బొమ్మా అన్న ప్రశ్న ఇంకా అనవసరం. ఈ చవక ప్రింటర్లలో తెలుగు, ఒడియా లిపులు ఉండవు. ఉన్నా గుణింతాలనూ ఒత్తులనూ సరిగ్గా కూర్చగల శక్తి వాటికి ఉండదు. అందువల్ల "కందిపప్పు" అని తెలుగులో ముద్రించాలంటే విండోస్‌లోనే ఆ వరుసను గీసి, బొమ్మగా పంపాలి. ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న వరుసను నేరుగా పంపితే వేగంగా వస్తుంది. వరుసలో ఏ లిపి ఉందో ప్రోగ్రాము తానే చూసుకుని, వరుస వరుసకూ తానే నిర్ణయించుకోగలదు. ఫాంటు సంగతీ అంతే. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. అంతకుముందు విండోస్‌లలో తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఉండేవి. ఉన్నదాన్ని ప్రోగ్రామే ఎంచుకుంటుంది. దుకాణం పేరును మాత్రం తమకు నచ్చిన అక్షరాల్లో చూసుకోవాలని షావుకార్లు ముచ్చటపడతారు. దానికి ఫాంటుల జాబితా పెట్టకండి, వారు రాయించుకున్న లోగో బొమ్మను చేర్చుకునే వీలు ఒకటి ఇవ్వండి.

కీబోర్డు భాష ట్యాబును మొత్తంగా తీసేయవచ్చు. మన సరిహద్దు కొట్లలో ఒకే కంప్యూటరు మీద ఇంగ్లిషు, తెలుగు, ఒడియా మూడూ ఉంటాయి. సరుకు కోడు ఇంగ్లిషులో, సరుకు పేరు తెలుగులో, ఖాతాదారు పేరు కొన్నిసార్లు ఒడియాలో కొడతారు. గుమస్తా ఆల్ట్, షిఫ్ట్ నొక్కుతూ ఏ భాషలో ఉన్నాడో తెలియక కోడు గడిలో తెలుగు అక్షరాలు కొట్టి, సరుకు దొరకలేదనుకుంటాడు. డబ్ల్యూపీఎఫ్‌లో ఒక్కో గడికీ ఒక్కో ఇన్‌పుట్ భాషను కేటాయించే సదుపాయం ఉంది. ఇన్‌పుట్‌లాంగ్వేజ్‌మేనేజర్ అనే క్లాసును చూడండి. కర్సరు కోడు గడిలోకి రాగానే కీబోర్డు ఇంగ్లిషుకు మారిపోతుంది, పేరు గడిలోకి వెళ్లగానే అక్కడ చివరిసారి వాడిన భాష వస్తుంది. సెట్టింగు లేకుండానే సమస్య పోయింది. ఇలాంటి చోట్ల మీరు పెట్టే శ్రమ, సెట్టింగుల విండోను అందంగా దిద్దడానికి పెట్టే శ్రమకన్నా ఎన్నో రెట్లు ఫలిస్తుంది.

కంప్యూటరు చెప్పే మాటను అన్నిచోట్లా నమ్మమని నా ఉద్దేశం కాదు. తేదీ విషయం చూడండి. ఇక్కడి కంప్యూటర్లలో చాలావాటిని విండోస్ వేసినప్పుడు అమెరికా ఇంగ్లిషుతో అలాగే వదిలేస్తారు. మీ ప్రోగ్రాము విండోస్ చెప్పినట్టు తేదీ ముద్రిస్తే ఏప్రిల్ 3వ తేదీ బిల్లు మీద 4/3 అని పడుతుంది, చూసినవాడు దాన్ని మార్చి 4 అనుకుంటాడు, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. డబ్బు అంకెలు కూడా 12,34,567 అని పడవలసినవి 1,234,567 అని పడతాయి. దీనికి విరుగుడుగా మీరు తేదీ తీరు ఎంచుకునే జాబితా పెట్టారు. అందులో తొమ్మిది రకాలున్నాయన్నారు. ఒక్కటీ అవసరం లేదు. బిల్లు మీద ఎప్పుడూ రోజు, నెల, సంవత్సరం అనే వరుస, మన పద్ధతిలో కామాలు. కోడులో భారతీయ ఇంగ్లిషు కల్చరును (తేదీ, అంకెల తీరును నిర్ణయించే అమరికను) స్థిరంగా పెట్టేయండి. మన కొట్లలో దీన్ని వేరేలా కోరుకునేవారు ఉండరు, కోరుకోవడానికి కారణం కూడా లేదు.

ఇప్పుడు మీ పన్నుల ట్యాబు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. అందులో "ఐజీఎస్టీ వేయి" అనే టిక్ బాక్సు ఉంది; ఐజీఎస్టీ అంటే రాష్ట్రం దాటే అమ్మకం మీద పడే జీఎస్టీ. పర్లాకిమిడి కొట్టులో ఉదయం పాతపట్నం నుంచి వచ్చిన చిల్లర వ్యాపారి సరుకు తీసుకుంటాడు, ఆయన వెనుకనే ఊళ్లో వ్యాపారి తీసుకుంటాడు. మొదటిది రాష్ట్రం దాటే అమ్మకమైతే 18 శాతం పడే సరుకు మీద 18 శాతమూ ఐజీఎస్టీగా పడాలి. రెండవదానికి కేంద్రం వాటాగా 9 శాతం సీజీఎస్టీ, రాష్ట్రం వాటాగా 9 శాతం ఎస్‌జీఎస్టీ. అంటే జవాబు బిల్లు బిల్లుకూ మారేది. మారుతూ ఉండేదాన్ని సెట్టింగుల విండోలో పెడితే గుమస్తా ఒక బిల్లుకోసం టిక్ పెట్టి, తీయడం మరిచిపోయి, సాయంత్రం దాకా అన్ని బిల్లులనూ తప్పుగా కొట్టడం తప్పదు. దాన్ని అక్కడినుంచి తీసి బిల్లులోకి తీసుకురండి. కొనేవారి జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37, మీరు మహారాష్ట్ర వైపు అమ్మదలిస్తే అక్కడ 27, తెలంగాణకు 36. ఖాతాదారును ఎంచుకోగానే ప్రోగ్రాము ఆ అంకెలను చూసి, బిల్లు తల మీద రాష్ట్రం పేరు నింపి, పన్నును దానికి తగ్గట్టు విడగొట్టాలి. సరుకు చివరికి ఎక్కడ చేరుతుందన్నదాన్ని బట్టి నియమం మారవచ్చు కాబట్టి, బిల్లు రాసేవారు ఆ గడిలో రాష్ట్రాన్ని మార్చుకునే వీలు ఉండాలి. ఆ మార్పు ఆ ఒక్క బిల్లుకే పరిమితం కావాలి.

అదే ట్యాబులో "బిల్లు శీర్షిక", "పన్ను కాలమ్ చూపు", "పన్ను లెక్కించు", "అడుగున గమనిక" అని మరో నాలుగు ఉన్నాయి. ఇవి నాలుగు ప్రశ్నల్లా కనిపిస్తున్నాయి గానీ వీటి వెనుక ఉన్న నిజం ఒక్కటే: ఈ కొట్టు మామూలు జీఎస్టీ కింద ఉందా, కాంపోజిషన్ (చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉన్న సులువు పథకం) కింద ఉందా. కాంపోజిషన్ కింద ఉన్న వ్యాపారి కొనేవారి నుంచి పన్ను వసూలు చేయకూడదు. ఆయన ఇచ్చేది ట్యాక్స్ ఇన్వాయిస్ (పన్ను చూపే బిల్లు) కాదు, బిల్ ఆఫ్ సప్లై (పన్ను వేయని బిల్లు). తాను కాంపోజిషన్ కింద ఉన్నానని, పన్ను వసూలు చేసే అర్హత తనకు లేదని బిల్లు పైభాగాన రాసి ఉండాలి. సరుకును రాష్ట్రం దాటించి అమ్మే వీలు కూడా ఆయనకు లేదు. సరిహద్దు ఊళ్లలో ఈ చివరి నియమం ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ నాలుగు టిక్ బాక్సులూ విడివిడిగా ఉన్నందువల్ల, శీర్షిక ట్యాక్స్ ఇన్వాయిస్ అనీ గమనిక కాంపోజిషన్ అనీ ఉండే బిల్లు తయారు చేయడం మీ ప్రోగ్రాములో సాధ్యం. అలాంటి బిల్లు లోకంలో ఉండకూడదు. ఒక్క ప్రశ్న అడిగి, మిగిలినవన్నీ దాని నుంచి రాబట్టండి. అసాధ్యమైన కలయికలు ఆప్షన్ల రూపంలో కూడా కనబడకుండా చేయడం సరళత్వంలో అన్నిటికన్నా విలువైన భాగమని నేను నమ్ముతాను.

ఆ ఒక్క ప్రశ్నకు తోడుగా ఏ తేదీ నుంచి అన్న గడి కూడా తప్పక పెట్టండి. కాంపోజిషన్‌లో ఉన్న కొట్టు వ్యాపారం పెరిగి మామూలు జీఎస్టీలోకి మారుతుంది. అప్పుడు సెట్టింగు మారిస్తే పాత బిల్లును మళ్లీ ముద్రించినప్పుడు అది కొత్త తీరులో రాకూడదు. అందుకోసం బిల్లు అర్థాన్ని మార్చగల ప్రతి విలువనూ, అంటే పన్ను విధానం, రాష్ట్రం, పైసలను పూర్తి రూపాయలకు సరిచేసే పద్ధతి వంటివాటిని, బిల్లు భద్రపరిచేటప్పుడే దానితోపాటు డేటాబేసులో రాసుకోండి. సెట్టింగు రేపటి బిల్లుకు సంబంధించినది. నిన్నటి బిల్లుకు దానితో పని ఉండకూడదు.

బిల్లు నంబరు మాత్రం నిజమైన సెట్టింగు, దాన్ని కొట్టు యజమానే చెప్పాలి. నంబరు 16 అక్షరాలు దాటకూడదనీ, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదనీ నియమం ఉంది కాబట్టి, ముందు వచ్చే అక్షరాలను ఆయన ఎంచుకోనిచ్చి, మిగతా కాపలా ప్రోగ్రామే కాయాలి. ఏప్రిల్ 1న వరుస మళ్లీ మొదలు కావడం కూడా దానంతట అదే జరగాలి.

ఇప్పుడు ఎరువుల కొట్టు విషయం. తొలకరి పడగానే లారీ వస్తుంది, బస్తాలు దించుతుండగానే రైతులు వరుస కడతారు. కొనుగోలు చీటీని కంప్యూటరులో ఎక్కించే తీరిక సాయంత్రానికి గానీ దొరకదు. ఆ మధ్యలో ప్రోగ్రాము లెక్క ప్రకారం స్టాకు సున్నా, కొట్టులో మాత్రం గుట్టలుగా బస్తాలు. అప్పుడు బిల్లు ఆపేసే ప్రోగ్రామును ఎవరూ ఉంచుకోరు. మరో పక్క మందుల దుకాణంలో లేని బ్యాచిని బిల్లు చేయనివ్వడం పెద్ద పొరపాటుకు దారి తీస్తుంది. రెండూ సరైన పద్ధతులే, వ్యాపారాన్ని బట్టి. ఇది కంప్యూటరుకు తెలియదు, బిల్లును చూసి తేల్చలేము, మీరు గుణుపురంలో కూర్చుని నిర్ణయించలేరు. షావుకారు ఒక్కరే చెప్పగలరు. సెట్టింగుగా ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నది ఇదే. కాకపోతే దాన్ని టిక్ బాక్సుగా ఉంచకండి. "స్టాకు చాలకపోతే" అని రాసి, కింద "బిల్లు ఆపాలి", "హెచ్చరించి చేయనివ్వాలి", "ఏమీ అడగవద్దు" అని మూడు విడదీసి పెట్టండి. హెచ్చరికను డిఫాల్టుగా, అంటే ఎవరూ మార్చనంతవరకు ఉండే విలువగా, ఉంచండి. ఇంతకుముందు మీరు రాసిన "స్టాకు లేకుంటే బిల్లు ఆపవద్దు" అన్న పేరులో లేకుంటే అని ఒకటి, ఆపవద్దు అని ఇంకొకటి కలిసి, టిక్ పెడితే ఏమవుతుందో ఫోనులో చెప్పడానికి నాకే కష్టమయ్యేలా ఉంది. సెట్టింగు పేరులో వ్యతిరేకార్థం ఎప్పుడూ వద్దు.

కొట్టు రకాన్ని బట్టి ఇలాంటి విలువలు కొన్ని కలిసికట్టుగా మారతాయి కాబట్టి, ప్రోగ్రాము మొదటిసారి తెరిచినప్పుడు కిరాణా, మందులు, ఎరువులు, బట్టలు, హార్డ్‌వేర్ అని అడిగి, బ్యాచి, గడువు తేదీ, స్టాకు పద్ధతి వంటివాటికి తగిన ఆరంభ విలువలు నింపేయడం మంచిది. కానీ వాటికి తాళం వేయవద్దు. మన ఊళ్లలో విత్తనాలు, పురుగుమందులు, సిమెంటు, గొళ్లేలు ఒకే కప్పు కింద అమ్మేవారు ఎందరో ఉన్నారు.

తెర మీద భాష, అక్షరాల పరిమాణం మనిషిని బట్టి ఉండాలి. షావుకారు తెలుగులో చదువుతారు, కౌంటరులో కుర్రవాడు ఒడియాలో చదువుతాడు, లెక్కలు చూసే ఆయన ఇంగ్లిషు కోరతారు. భాష ఎంపికను సెట్టింగుల లోపల కాక లాగిన్ తెర మీదే పెట్టండి. ఒక్కో భాష పేరును దాని సొంత లిపిలోనే రాయండి, లేకపోతే పొరపాటున తెలియని భాషలో పడినవారు వెనక్కి రాలేరు. బిల్లు భాషను తెర భాషతో ముడిపెట్టకండి, ఎందుకంటే బిల్లు చదివేది వేరే మనిషి. ఇక్కడే ఒక మెళకువ చెప్పాలి. ఈ కొట్లలో అందరూ ఒకే విండోస్ అకౌంటుతో పనిచేస్తారు. మనిషికి చెందిన సెట్టింగును, ఒక్కో విండోస్ అకౌంటుకు విడిగా ఉండే యాప్‌డేటా ఫోల్డరులో రాస్తే అందరికీ ఒకటే అయిపోతుంది. మీ ప్రోగ్రాము లాగిన్‌తో కలిపి డేటాబేసులో రాయాలి. కొట్టుకు చెందినవి కూడా డేటాబేసులోనే ఉండాలి, రెండవ కంప్యూటరు పెట్టినప్పుడు మళ్లీ అడగకుండా. ప్రింటరు వంటి, ఆ కంప్యూటరుకు మాత్రమే చెందినవి ప్రోగ్రామ్‌డేటా ఫోల్డరులో ఉండాలి.

"అడ్వాన్స్‌డ్" బటన్ గురించి అడిగారు. వీఎల్‌సీ ప్లేయరులో ప్రిఫరెన్సుల విండో అడుగున సింపుల్, ఆల్ అని రెండు ఉంటాయి. అక్కడ అది పనిచేస్తుంది, ఎందుకంటే ఎవరో ఇష్టపడి లోతుకు వెళతారు, తప్పు జరిగితే పోయేది ఒక సినిమా చూసే సమయం. కొట్టులో అలా కాదు. ఆ బటన్ వెనుక ఏం ఉందో పేరు చెప్పదు, అందువల్ల వెతికేవాడు వెళ్లడు, ఉబలాటం ఉన్న కుర్రవాడు వెళతాడు. పైన చెప్పినట్టు వడకట్టాక మిగిలేవి, నా అంచనాలో, ఒకే విండోలో పట్టేటన్ని ఉంటాయి. వాటికి బటన్ అక్కరలేదు. డేటాబేసు పోర్టు, బ్యాకప్ ఫైలు తీరు, ప్రింటరుకు పంపే ప్రత్యేక కోడు వంటివి మీరు వెళ్లినప్పుడు మాత్రమే మార్చేవి. వాటికి తెర అనవసరం, ఒక టెక్స్ట్ ఫైలు చాలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2013లో 23వ వెర్షనులో, వెబ్ పేజీల్లో నడిచే జావాస్క్రిప్టు కోడును ఆపే టిక్ బాక్సును మామూలు విండో నుంచి తీసేసింది, ఎందుకంటే ఆ టిక్ తీసేస్తే చాలా వెబ్‌సైట్లు పనిచేయవు, ఎందుకు పనిచేయడం లేదో వాడేవారికి తెలియదు. కానీ లోతైన సెట్టింగులుండే ఎబౌట్ కాన్‌ఫిగ్ పేజీలో ఆ సెట్టింగును ఉంచింది, కావలసినవారు ఇప్పటికీ అక్కడ మార్చుకోగలరు. మీకు కావలసిన పద్ధతి అది.

ప్రోగ్రామే వాడనివాటిని దాచేయడం మాత్రం వద్దు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో మెనూలు ఇలాగే ఉండేవి: తక్కువగా వాడే అంశాలు మొదట కనబడవు, కిందనున్న బాణం గుర్తు నొక్కితేనో, కాసేపు ఆగితేనో పూర్తి మెనూ తెరుచుకుంటుంది. నిన్న మూడవ వరుసలో ఉన్నది ఈరోజు కనబడకపోతే, చేతి అలవాటు మీద పనిచేసే మనిషి తడబడతాడు. 2007లో మెనూల బదులు రిబ్బన్ అనే బటన్ల పట్టీ వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది. సంవత్సరానికి ఒకసారి, మార్చి నెలాఖరున మాత్రమే వాడే సెట్టింగు వాడనిది కాదు. ఇక ఫోనులో సాయం చేసేటప్పుడు, రెండు కొట్లలో ఒకే వెర్షనుకు రెండు వేర్వేరు తెరలు ఉంటే, పైనుంచి నాలుగవ వరుస అని చెప్పలేరు.

అలాగే ఒక సెట్టింగు ఒక్క చోటే ఉండాలి. విండోస్‌లో 2012 నుంచి కంట్రోల్ ప్యానెల్ ఒకవైపు, కొత్త సెట్టింగులు మరోవైపు నడుస్తుండడం వల్ల వాడేవారు పడే తికమక మీరూ చూసే ఉంటారు.

కోడు వైపు ముఖ్యమైనది ఒకటి: డేటాబేసులో డిఫాల్టు విలువలను రాయకండి, షావుకారు మార్చినవాటిని మాత్రమే రాయండి. కోడు రాసే ప్రోగ్రాము విజువల్ స్టూడియో కోడ్ వాడేవారికి ఇది తెలిసిన సంగతే; దాని సెట్టింగుల ఫైలులో మార్చినవే ఉంటాయి. దీనివల్ల ఏ కొట్టులో ఏవి మారాయో ఒక్క చూపులో తెలుస్తుంది, రేపు మీరు మెరుగైన డిఫాల్టు పెడితే మార్చనివారికి అది చేరుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. బిల్లు లెక్కను మార్చే విలువలు మాత్రం కొట్టు మొదలైన రోజునే స్థిరంగా రాసి ఉండాలి, వెర్షను మారినంత మాత్రాన బిల్లు మారకూడదు. డిఫాల్టులకు తిరిగి వెళ్లే బటన్ ఒక్కో వరుసకు విడిగా ఇవ్వండి. మొత్తం రీసెట్ పెడితే, దుకాణం పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు వరుస దాని జోలికి రాకూడదు. అవి కొట్టు వివరాలు, వాటికి వేరే తెర ఉండాలి.

ఫోన్ల బాధ తగ్గడానికి అన్నిటికన్నా ముందు చేయవలసింది మార్పుల చిట్టా. ఏ సెట్టింగు, ఏ విలువ నుంచి ఏ విలువకు, ఎవరి లాగిన్‌తో, ఏ రోజు ఎన్ని గంటలకు మారిందో రాసి ఉంచి, షావుకారుకు కనబడేలా పెట్టండి. నిన్నటిదాకా బాగానే వచ్చింది అన్న మాటతో మొదలయ్యే ఫోన్లలో చాలావాటికి జవాబు ఆ చిట్టాలోనే దొరుకుతుంది. కొట్టుకు చెందిన సెట్టింగులను మార్చడానికి యజమాని పాస్‌వర్డు అడగండి. మనిషికి చెందినవాటికి అడగకండి.

తీసేయదలచినవాటిని ఇకమీదట ఇలా తీయండి. మీ ప్రోగ్రాము ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది కాబట్టి ఎవరు ఏది వాడుతున్నారో మీకు చేరదు. మీరు కొట్లకు వెళ్లినప్పుడు, వారి అనుమతితో, మారిన విలువల జాబితాను తెచ్చుకోండి. ఎవరూ మార్చనివి మొదట తెర నుంచి తీసి టెక్స్ట్ ఫైలులో ఉంచండి. ఒక్కరు మార్చినా, ఎందుకు మార్చారో వారినే అడగండి. చాలాసార్లు ఆ కారణం మరో చోట ఉన్న లోపం అయి ఉంటుంది. తీసినా, పాత విలువను కోడు చదువుతూనే ఉండాలి. ఎరువుల కొట్టులో ఆ పాత టిక్ విలువ డేటాబేసులో ఇంకా చెరగకుండా ఉంటే, కొత్త వెర్షను దాన్ని చూసి "ఏమీ అడగవద్దు" అన్న విలువగా మార్చుకోవాలి. అప్పుడు ఆయన ఏమీ ముట్టుకోకుండానే ఆ కొట్టులో బిల్లులు మునుపటిలా పడతాయి. కోప్పడిన మనిషి చేత మళ్లీ సెట్టింగుల విండో తెరిపించవద్దు.